భవానీపురంలో డెబ్బై గేట్లు

పిల్లలూ! మీలో ఎవరైనా హైదరాబాదు నుంచి బెజవాడకు బస్సులో వచ్చారా? వచ్చి ఉంటే మా పేట చూచే ఉంటారు, కాని చూచినట్టు మీకు తెలిసి ఉండదు. గొల్లపూడి దాటిన తరువాత ఎదురుగా ఇంద్రకీలాద్రి కనబడుతుంది. "అదుగో దుర్గమ్మ కొండ!" అంటూ బస్సులోవాళ్ళంతా అటే చూస్తారు. ఆ వేళ మీరు కుడిచేతి పక్కకు తిరిగితే, ఇళ్ళ సందుల్లోంచి కృష్ణానది తళుక్కుమంటుంది. అదే భవానీపురం.

ఇక్కడ లారీలు ఎక్కువ, దుమ్ము ఎక్కువ, ఎండ మరీ ఎక్కువ. బెజవాడ ఎండను చూచి వెనకటికి ఇంగ్లీషు తెలిసినవాళ్ళు దీనిని 'బ్లేజ్‌వాడ' అని వేళాకోళం చేసేవారు. బ్లేజ్ అంటే మంట. అయితేనేం, సాయంకాలం పున్నమి ఘాట్‌కు వచ్చి కూర్చుంటే పగలు పడ్డ బాధంతా మరచిపోతాం. ఎదురుగా భవానీ ద్వీపం, 130 ఎకరాలకు పైబడ్డ పచ్చని లంక. పడవలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఇక్కడ నది పారుతున్నట్టే ఉండదు, పెద్ద చెరువులాగా నిలిచి ఉంటుంది. ఎందుచేతనంటే, కొంచెం దిగువన ప్రకాశం బారేజి ఆ నీటిని ఆపి పట్టుకుంటున్నది.

ఆ బారేజి సంగతి కొంచెం చెప్పాలి, ఈ కథకు మూలం అదే. అక్కడ మొదట కట్టినది రాతి ఆనకట్ట, 1855లో పూర్తి అయింది. దాదాపు వంద ఏళ్ళు పనిచేసి 1952లో గండి పడింది. అప్పుడు దాని దగ్గరే ఇప్పటి బారేజి కట్టి 1957లో ప్రారంభించారు. పొడవు సుమారు 1,223 మీటర్లు. గేట్లు 70. 2024 సెప్టెంబరు మొదట్లో వరద వచ్చినప్పుడు 70 గేట్లూ ఎత్తివేశారు. ఒక దశలో 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు దిగువకు పోయింది. ఒక్క క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. 11 లక్షలను 28 చేత గుణించి చూడండి! ఆ వరదలోనే పెద్ద పడవలు కొట్టుకువచ్చి, గేట్ల దగ్గర వేలాడే కౌంటరు వెయిట్లకు తగిలి వాటిని పగలగొట్టాయి.

మా వీధి చివర ఇంట్లో ఒక అమ్మాయి ఉన్నది. అప్పుడు ఎనిమిదో తరగతి. వాళ్ళ అమ్మ జాకెట్లూ, బడిపిల్లల యూనిఫారాలూ కుడుతుంది. ఆ వరద చూచినప్పటినుంచీ ఆ పిల్లకు ఒకటే ధ్యాస: ఒక మనిషి కదిలించలేని అంత బరువైన గేటు ఎట్లా లేస్తున్నది? మరుసటి వేసవిలో ఆమె తన మేనమామ వాడి ఇచ్చిన పాత లాప్‌టాప్ మీద బారేజి బొమ్మ తయారుచేయటం మొదలుపెట్టింది. బ్లెండర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉన్నది, ఎవరైనా ఊరికే తెచ్చుకోవచ్చు. దానిలో వస్తువులను అన్ని వైపులనుంచీ కనిపించేట్టు చేసి, కదిలించి, సినిమాలాగా చూపవచ్చు. బడి తెరవగానే సైన్సు ప్రదర్శనలో దానిని పెట్టాలని ఆమె ఆశ.

ఒకనాడు ఆ పిల్ల మొహం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చింది.

"మాస్టారూ, నా లాప్‌టాప్ పనికిరాదట. దుకాణంవాళ్ళు కొత్తది కొనమన్నారు. 60 వేలు అవుతుందట."

"ఏం, ఏమి జబ్బు చేసింది?"

"ఒక్క బొమ్మ పూర్తిచేయటానికి 4 నిమిషాలు తీసుకుంటున్నది."

4 నిమిషాలేగా అనుకుంటారేమో. కాని లెక్క వేయండి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు నడవాలి. 10 సెకండ్ల సినిమాకు 240 బొమ్మలు. 240ని 4 చేత గుణిస్తే 960 నిమిషాలు, అంటే 16 గంటలు. ఆ 16 గంటల్లో మధ్యమధ్య లాప్‌టాప్ బిగుసుకుపోవటం, మళ్ళీ మొదలుపెట్టటం. 60 వేలంటే వాళ్ళ అమ్మ ఎన్ని జాకెట్లు కుట్టాలి? ఆ లెక్క వేయటానికి నాకు మనసు ఒప్పలేదు.

నాకు కంప్యూటర్లు పెద్దగా తెలియవు. కాని ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి, ఏదైనా సరే ముందు కొలవాలని మాత్రం తెలుసు. నా మనుమడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి ఫోను చేశాను.

"తాతయ్యా, ముందు బెంచిమార్కు తీయండి," అన్నాడు వాడు.

ఆ మాట వినగానే నాకు నవ్వు వచ్చింది. బెంచిమార్కు అంటే నాకు తెలియకపోవటమేమిటి! కాలువలు తవ్వేవారు, రోడ్లు వేసేవారు ముందుగా ఒక రాతిమీద గీత చెక్కుతారు. ఆ గీత సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదో లెక్క రాసి పెట్టుకుంటారు. తరువాత ఏ చోటి ఎత్తు కావలసినా ఆ గీతనుంచే కొలుస్తారు. ఆ గుర్తు పేరే బెంచిమార్కు. మీరు రైలు స్టేషనులో పేరుపలక కింద సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు అని రాసి ఉండటం చూచే ఉంటారు. అటువంటి ఎత్తులన్నీ ఇట్లా గుర్తులనుంచి కొలిచినవే. మన డెల్టాలో నేల దాదాపు బల్లపరుపు. మట్టం లెక్క ఒక జానెడు తప్పితే కాలువలో నీరు పొలానికి పోదు. కంప్యూటరువాళ్ళు ఆ మాటనే అరువు తెచ్చుకున్నారన్నమాట. అన్ని యంత్రాలకూ ఒకే పని ఇచ్చి, ఏది ఎంతసేపట్లో చేస్తుందో చూడటమే వాళ్ళ బెంచిమార్కు.

బ్లెండర్ వారు పరీక్షకోసం కొన్ని బొమ్మలు ఊరికే ఇస్తారు. వాటిలో ఒకటి తరగతి గది: బల్లలు, కిటికీలోంచి పడే ఎండ, నల్లబల్ల. నాకు అదే నచ్చింది. గడియారం పెట్టుకుని కూర్చున్నాం. మొదటిసారి 21 నిమిషాలు పట్టింది. వెంటనే రెండోసారి చేస్తే 24. మూడోసారి 29! చేసేపని అదే, చేసే యంత్రం అదే. మరి ప్రతిసారీ ఎందుకు ఆలస్యమవుతున్నది?

లాప్‌టాప్ అడుగున చేయిపెట్టి చూచాను. పెనంలాగా కాలుతున్నది. కంప్యూటరు చిప్ పనిచేస్తే వేడెక్కుతుంది. ఆ వేడి దాదాపు 100 డిగ్రీలకు చేరితే, కాలిపోకుండా చిప్ తనంత తానే వేగం తగ్గించుకుంటుంది. మిట్టమధ్యాహ్నం రోడ్డున పోయే మనిషి నడక తగ్గించినట్టే. వేడిని బయటికి తోయటానికి లోపల చిన్న ఫ్యాను ఉంటుంది. అది పనిచేస్తున్నదా అని సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక కుర్రవాడిచేత అడుగు మూత తీయించాం. చూస్తే ఏముంది! గాలి పోయే సందుకు అడ్డంగా మెత్తని దిండులాగా పీచు పేరుకుని ఉన్నది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అన్ని రంగులూ ఉన్నాయి. ఆ పిల్ల ఇన్నాళ్ళూ లాప్‌టాప్‌ను కుట్టుమిషను పక్కనే, గుడ్డల కుప్పమీద పెట్టుకుని పనిచేసింది. పీచునంతా ఫ్యాను లోపలికి లాక్కున్నది. వాళ్ళ అమ్మ పాపం నొచ్చుకున్నది. "దీని పని నేనే చెడగొట్టానా, మాస్టారూ?" అన్నది. "లేదమ్మా, మీ పీచు కాకపోతే మన లారీల దుమ్ము ఉండనే ఉన్నది," అన్నాను.

కుర్రవాడు పీచు తీసి, చిప్ మీద ఎండి పెచ్చులు కట్టిన పాత పేస్టును గీకి, కొత్తది రాశాడు. చిప్‌కూ దాని పైనున్న రాగి రేకుకూ మధ్య సందు లేకుండా చేసి, వేడిని రాగికి అందించేది ఆ పేస్టే. మళ్ళీ మూడుసార్లు కొలిచాం. 20, 20, 21. ఇప్పుడు మూడుసార్లూ దాదాపు సమానమే. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చినప్పుడల్లా కొలవాలి, కొలిచినది పుస్తకంలో రాయాలి అని ఆ పిల్లచేత ఒట్టు వేయించుకున్నాను. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎట్లా తెలుస్తుంది?

తరువాత డ్రైవరు సంగతి. మా భవానీపురంలో డ్రైవరు అంటే లారీ డ్రైవరే. కాని కంప్యూటరు డ్రైవరు బండి తోలడు, దుబాసీ పని చేస్తాడు. పూర్వం బందరు రేవుకు ఓడల్లో వచ్చిన తెల్లవర్తకులకు తెలుగు రాదు, మన నేతగాళ్ళకు వాళ్ళ భాష రాదు. మధ్య దుబాసీ ఉండి ఈ మాట ఆ భాషలో, ఆ మాట ఈ భాషలో చెప్పేవాడు. అట్లాగే బ్లెండర్ చెప్పినదాన్ని బొమ్మలు వేసే గ్రాఫిక్స్ చిప్‌కు అర్థమయ్యేట్టు చెప్పే సాఫ్ట్‌వేర్ పేరే డ్రైవరు. దుబాసీ చాదస్తుడైతే బేరం చెడుతుంది.

దుబాసీ మారితే ఎంత తేడా వస్తుందో చూపే నిజమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, ఖరగ్‌పూర్ ఐఐటీలోనూ చదివిన మన తెలుగువాడు రాజా కోడూరి అమెరికాలో గ్రాఫిక్స్ చిప్‌ల తయారీలో పేరు పొందాడు. ఆయన ఇంటెల్ కంపెనీలో ఆ విభాగం పెద్దగా ఉన్నప్పుడు, 2022లో, ఆర్క్ అనే గ్రాఫిక్స్ కార్డులు బయటికి వచ్చాయి. కొత్త ఆటలు బాగానే ఆడాయి కాని, పాతకాలపు డైరెక్ట్‌ఎక్స్ 9 పద్ధతిలో రాసిన ఆటలు కుంటినడక నడిచాయి. కార్డు మార్చలేదు, ఒక్క స్క్రూ తిప్పలేదు, డ్రైవరు మాత్రం తిరగరాశారు. 2023 ఫిబ్రవరినాటికి ఆ పాత ఆటల వేగం సగటున 43 శాతం పెరిగిందని ఇంటెల్ ప్రకటించింది.

మన పిల్ల లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్‌లు రెండు ఉన్నవని మనుమడు కనిపెట్టాడు. ఒకటి ప్రధానమైన చిప్‌లోనే కలిసి ఉన్నది, రెండోది విడిగా ఉన్నది. విడిగా ఉన్నదే బలమైనది. కాని దాని డ్రైవరు 2018 నాటిది. కొత్త బ్లెండర్‌కు ఆ పాత దుబాసీ మాట అర్థం కాక, అసలు ఆ చిప్ ఉన్నదనే గుర్తించలేదు. కొన్న నాటినుంచీ అది పెరట్లో కట్టేసిన ఎద్దులాగా ఊరికే పడి ఉన్నది! చిప్ తయారుచేసినవారి దగ్గరనుంచే కొత్త డ్రైవరు తెచ్చుకున్నాం. ఎక్కించేముందు, పని చెడితే వెనక్కు పోవటానికి విండోస్‌లో రీస్టోర్ పాయింట్ ఒకటి పెట్టించాడు మనుమడు. కొత్త డ్రైవరు ప్రతిసారీ మంచిదే అని నమ్మకం లేదట. తరువాత బ్లెండర్‌లో 'ఈ చిప్ వాడు' అని గుర్తు పెట్టాలి, ఛార్జరు తగిలించే ఉంచాలి. అన్నీ అయిన తరువాత తరగతి గది 9 నిమిషాల్లో పూర్తి అయింది!

ఆ పిల్ల గంతులు వేసింది. నేనూ వేసేవాణ్ణే, మోకాళ్ళు ఒప్పుకోలేదు. వెంటనే బారేజి బొమ్మ పెట్టాం. మూడున్నర నిమిషాలు నడిచింది. నడిచి, 'మెమరీ చాలదు' అని రాసి ఆగిపోయింది.

పరీక్షలో 29 నుంచి 9కి వచ్చిన యంత్రం, అసలు పనిలో ఎందుకు చతికిలబడింది?

ఇక్కడ మీకు ఒక గమ్మత్తు చెప్పాలి. 2001లో క్వేక్ 3 అనే ఆట ఉండేది. గ్రాఫిక్స్ కార్డుల వేగం కొలవటానికి అందరూ ఆ ఆటనే ఆడించేవారు. ఏటీఐ కంపెనీవారి కార్డు దానిలో మంచి వేగం చూపింది. ఎవరికో అనుమానం వచ్చి, ఆట ఫైలులో 'క్వేక్' అని ఉన్నచోట 'క్వాక్' అని పేరు మార్చి ఆడించారు. క్వాక్ అంటే బాతు కూత! అంతే, వేగం పడిపోయింది, బొమ్మలు మాత్రం మునుపటికంటే స్పష్టంగా వచ్చాయి. అంటే డ్రైవరు ఆట పేరు చూచి, బొమ్మల నాణ్యత కొంచెం తగ్గించి వేగం సంపాదిస్తున్నదన్నమాట. రెండేళ్ళకు, 2003లో, ఎన్‌విడియా డ్రైవరు మీద ఇటువంటి గొడవే వచ్చింది. ఫిన్లాండులోని ఫ్యూచర్‌మార్క్ వారు తమ పరీక్షలో డ్రైవరు గుర్తుపట్టే ఆనవాళ్ళు మార్చేసరికి ఒక కార్డు మార్కులు 24 శాతం దాకా పడిపోయాయి. అది మోసం కాదు, ఆ పరీక్షకోసం చేసిన ప్రత్యేక సవరణ అని తరువాత ఇద్దరూ కలిసి ప్రకటించారనుకోండి.

వాళ్ళను చూచి నవ్వే హక్కు నాకు లేదు. దివిసీమలో నేను పనిచేసిన తొలి రోజుల్లో, తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరుగారు ఏ పది లెక్కలు అడుగుతారో నాకు ముందే తెలుసు. వారంరోజులు ఆ పదే చేయించాను. పిల్లలు టకటకా చెప్పారు, నాకు మెప్పు వచ్చింది. ఆయన వెళ్ళిపోయాక ఒక పిల్లవాణ్ణి అదే లెక్క మామిడిపళ్ళకు బదులు కొబ్బరికాయలతో అడిగితే నోరు తెరిచాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉన్నది.

మన లాప్‌టాప్ మోసమేమీ చేయలేదు. తరగతి గది బొమ్మ చిన్నది, చిప్ సొంత మెమరీలో పట్టింది. ఆ మెమరీ 2 గిగాబైట్లే. బారేజి బొమ్మ అందులో పట్టలేదు. మేము పరీక్షించినది వేగాన్ని, మాకు అడ్డువచ్చినది చోటు. ఎంత మంచి డ్రైవరు వేసినా కాలుపెట్టే సందు లేకపోతే చిప్ ఏం చేస్తుంది?

మనుమడు ఫోనులో అడిగాడు: "అమ్మాయ్, గేట్లు ఎట్లా చేశావు?"

"ఒకటి చేసి 69 నకళ్ళు తీశానన్నయ్యా."

"ప్రతి నకలూ విడిగా దాచుకుంటుంది. 70 గేట్ల బోల్టులూ, రేకులూ 70సార్లు మోస్తున్నది నీ చిప్."

మిషను దగ్గరనుంచి వాళ్ళ అమ్మ తల ఎత్తకుండానే అన్నది: "అదేమిటే, 70 యూనిఫారాలకు నేను 70 అట్టముక్కలు కత్తిరిస్తానా? కొలత అట్ట ఒకటే పెట్టుకోనూ?"

సరిగ్గా అదే మందు. బ్లెండర్‌లో గేటు ఒకటే ఉంచి, మిగిలిన 69 చోట్ల 'అదే గేటును ఇక్కడ కూడా చూపు' అని చెప్పవచ్చు. అప్పుడు మెమరీలో ఒక్క గేటే ఉంటుంది, కంటికి 70 కనిపిస్తాయి. ఆ పిల్ల రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని మార్చింది. మర్నాడు పొద్దున, గది ఇంకా చల్లగా ఉన్నప్పుడు, కొలిచాం. బారేజి బొమ్మ ఒకటి 75 సెకండ్లు! 240 బొమ్మలకు 18,000 సెకండ్లు, అంటే 5 గంటలు. ప్రతి బొమ్మనూ విడిగా దాచమన్నాడు మనుమడు. మధ్యలో ఏ కారణంచేతనైనా ఆగిపోతే ఒక్క బొమ్మే పోతుంది, మిగతావి భద్రం. లాప్‌టాప్ అడుగున నాలుగు మూలలా నాలుగు పాత సీసా మూతలు పెట్టి ఎత్తు చేశాం, గాలి ఆడటానికి.

ఆ సాయంకాలం లాప్‌టాప్ తీసుకుని పున్నమి ఘాట్‌కు వెళ్ళాం. వాళ్ళ అమ్మ కూడా మిషను కట్టిపెట్టి వచ్చింది. మెట్లమీద కూర్చుని సినిమా చూచాం. ముందు నది, తరువాత బారేజి, తరువాత 70 గేట్లూ ఒక్కసారిగా లేచాయి, నీరు దూకింది. పక్కన కూర్చున్న పడవవాళ్ళు ముగ్గురు కూడా వంగి చూచారు. 10 సెకండ్ల సినిమాను ఆరుసార్లు చూచాం.

ఏడోసారి ఆ పిల్లే ఆపింది. "మాస్టారూ, గేటు పైకి పోతున్నది. కౌంటరు వెయిటు కూడా పైకే పోతున్నదే!"

బావి గిలకకు రెండు పక్కలా చేదలు కట్టినట్టే కదా అది. ఒకటి పైకి వస్తే ఒకటి కిందికి పోవాలి. కిందికి దిగే ఆ బరువు సాయంతోనే అంత గేటు సులువుగా లేస్తుంది. ఆ పిల్ల చెప్పదలుచుకున్నదే అది, అదే తలకిందులైంది.

"పడవలు వచ్చి తగిలినది ఆ బరువులకేగా, మాస్టారూ. పైకి పోయి ఉంటే పడవలకు ఎట్లా అందుతాయి?" అన్నది, తనలో తను అనుకుంటున్నట్టు.

"గేట్లు 70 దిద్దాలేమో, పాపం," అన్నాడు ఒక పడవవాడు.

"లేదు బాబాయ్, ఒక్కటి దిద్దితే చాలు," అని లాప్‌టాప్ మూత వేసింది. "మళ్ళీ 5 గంటలు. అమ్మా, పద, ఇవాళ రాత్రికే పెట్టేస్తాను."